తొమ్మిదో పాఠం దగ్గర

కూరగాయల టోకు మార్కెట్లో ఆయన్ని అందరూ పాటాయన అనేవారు. పాటలు పాడతాడని కాదు. తెల్లవారుతూనే లారీల్లోంచి దిగే సరుకుకి వేలంపాట పెట్టేవాడు గనక ఆ పేరు స్థిరపడిపోయింది. కొత్తగా చేరిన కూలీ ఎవరైనా తెలియక "ఏదీ, ఒక పాట అందుకోండి" అని అడిగితే, క్యాబేజీ బస్తా మీదికెక్కి ధర ఎత్తుకునేవాడు. ఇరవయ్యారేళ్ళు అదే పని. మైకు పెట్టుకోమని మార్కెట్ సంఘం వాళ్ళు ఎన్నిసార్లు పోరినా ముట్టుకోలేదు. మైకు పట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతుంది, వేళ్ళు చూపించడానికి తనకి రెండు చేతులూ కావాలనేవాడు. రేకుల షెడ్డు ఈ చివర ఆయన నోరు విప్పితే ఆ చివర ఉల్లిపాయల వాళ్ళు తలెత్తి చూసేవారు. మెత్తబడిన టమాటాల్ని కూడా "ఇవాళే వండుకునేవాళ్ళకి ఇంతకంటే మంచివి దొరకవు" అని నలుగుర్నీ నవ్వించి మరీ అమ్మించేవాడు.

యాభై నాలుగో ఏట గొంతు బొంగురుపోయింది. పొద్దస్తమానం అరిచేవాడికి గొంతు పోకపోతే ఇంకెవరికి పోతుందని అందరూ తేలిగ్గా తీసుకున్నారు, ఆయనతో సహా. వేడినీళ్ళు పుక్కిలిస్తూ ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాడు. చివరికి భార్యే చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం దించి చూశాడు. చూసి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. కడిగినవే మళ్ళీ కడిగాడు. విషయం తనకి అప్పుడే అర్థమైపోయిందని పాటాయన తర్వాత చెప్పేవాడు.

స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. తీసేశాక ఊపిరి ముక్కుతో కాదు, మెడ కింద పెట్టే రంధ్రంతో తీసుకోవాలి. ప్రాణం దక్కుతుంది గానీ గొంతు దక్కదు.

ఆపరేషన్ రోజు పొద్దున భార్యకి ఏదైనా మంచి మాట చెప్పాలని లోపల్లోపల కూడబలుక్కున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో చెప్పనిది, గుర్తుండిపోయేది. తీరా చక్రాల మంచం కదిలేసరికి, "మందుల సంచి కుర్చీ కింద ఉంది, మర్చిపోకు" అన్నాడు. ఆ గొంతుతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

ఇంటికొచ్చాక కూతురు చిన్న పలక కొనిచ్చింది. కోపమొస్తే దాని మీద పెద్ద అక్షరాలతో రాసి భార్య ముందు పెట్టేవాడు. ఆమె కళ్ళజోడు వెతుక్కుని తెచ్చి, తుడుచుకుని, పెట్టుకునేలోపు ఆయన కోపం దిగిపోయేది. ఒక రకంగా ఆ ఏడాది ఇంట్లో పోట్లాటలే లేవు. కానీ మనిషి మాత్రం కుంగిపోతున్నాడు. ఫోన్ మోగితే గదిలోంచి వెళ్ళిపోయేవాడు. మార్కెట్ వాళ్ళు చూడటానికొస్తే నిద్ర నటించేవాడు. నవ్వొచ్చినా చప్పుడు రాదు, ఏడుపొచ్చినా రాదు. పక్క గదిలో ఉన్న మనిషికి తాను ఉన్నట్టే తెలియదు.

మాట నేర్పే గది ఆసుపత్రి రెండో అంతస్తు చివర ఉండేది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి అద్దం. టీచరమ్మది చిన్న వయసే గానీ ఓర్పున్న మనిషి. నోట్లో పట్టిన గాలిని ఆహారనాళంలోకి పంపి, త్రేన్పులా వెనక్కి తెప్పించి, ఆ త్రేన్పునే పెదవులతో, నాలుకతో మాటగా మలచాలని చెప్పింది. పాటాయన పలక మీద "త్రేన్పుతో మాట్లాడాలా" అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. భోజనాల దగ్గర పొరపాటున త్రేన్పు వచ్చినా నామోషీ పడే మనిషి ఆయన. గొంతుకి ఆనించుకుంటే మాట పలికించే మిషను కూడా ఒకటి చూపించారు. అది పిండి మర తిరిగినట్టుందని పక్కన పెట్టేశాడు.

మూడు వారాలు అద్దం ముందు కూర్చున్నాడు. గాలి లోపలికి పోయేది, అటే పోయేది. నాలుగో వారం ఒక దర్జీ వచ్చాడు. ఆరేళ్ళ క్రితం ఇదే ఆపరేషన్ చేయించుకున్న మనిషి, ఏదో పరీక్ష కోసం వస్తే టీచరమ్మ ఆయన్ని తీసుకొచ్చి ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది. దర్జీ కాసేపు పాటాయన చొక్కా వంకే చూసి, "కాలరు... తప్పు కుట్టాడు" అన్నాడు. లోతుగా, గరుకుగా, గులకరాళ్ళు దొర్లినట్టు వచ్చిందా మాట. మాటే. అందులో వెటకారం కూడా ఉంది. పాటాయన ఆయన నోటి వంక, మెడ వంక చూస్తూ గాలి పట్టాడు. దర్జీ లేచి ఆయన గడ్డం పట్టుకుని కాస్త కిందికి వంచాడు. ఇంకోసారి, అన్నట్టు వేలు చూపించాడు. ఆ రోజు మధ్యాహ్నానికి "తా" అనే చప్పుడు బయటికొచ్చింది.

ప, త, క లాంటి అక్షరాలైతే గాలిని తామే లోపలికి తోస్తాయి. అందుకని మొదటి మాట "తాత" అయింది. "అమ్మ" అనడానికి నాలుగు నెలలు పట్టింది. ఏడాది తిరిగేసరికి ఒక్కో దమ్ముకి మూడు నాలుగు మాటల చొప్పున, ఆగుతూ ఆగుతూ, పాటాయన మాట్లాడసాగాడు. మార్కెట్లో వేలం పని మేనల్లుడికి అప్పజెప్పి, తాను తూకాల దగ్గర కూర్చున్నాడు.

పాఠాలు తీయాలన్న ఆలోచన కూతురిది. టీచరమ్మ ఒక్కతే, వచ్చేవాళ్ళు వందమంది. దూరాన ఉన్నవాళ్ళు వారానికోసారి రాలేక మధ్యలోనే మానేస్తున్నారు. నాన్నకి తెలిసింది నాన్నే చూపిస్తే ఇంట్లో కూర్చుని నేర్చుకుంటారు కదా అంది. ముందు గదిలో కుర్చీ వేసి, టిక్కుటిక్కుమంటోందని గోడ గడియారం తీసేసి, భార్య దీపం పట్టుకుని నిలబడితే, రెండు నెలల్లో ఇరవై నాలుగు వీడియోలు తీశారు. కంప్యూటర్ల షాపు నడిపే బావమరిది వాటన్నిటినీ వరసగా పేర్చి, కోర్సు అని పేరు పెట్టి, ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టాడు. ఊరికే ఇస్తే ఎవరూ విలువ ఇవ్వరు బావా అన్నాడు. పాటాయనకి అది సబబుగానే తోచింది. జీవితమంతా సరుకు అమ్మించిన మనిషి.

ఏడాదిలో మూడొందల మంది దాకా కొన్నారు. ఎన్నడూ చూడని ఆ మూడొందల మందినీ ఊహించుకుని పాటాయన మురిసిపోయాడు. తూకాల దగ్గరికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. తన గొంతు పోతే పోయింది గానీ మూడొందల గొంతులు లేచాయని.

ఒక ఆదివారం పొద్దున కూతురి ఫోన్‌కి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ ఒక సైకిల్ మేస్త్రి భార్య. కోర్సు తన భర్త పేరు మీద ఉందని, ఆయన పోయి నెలన్నర అయిందని, ఆ ఖాతా మూసేస్తే మంచిదని, ఫోన్లో అస్తమానం "మీ పాఠం మిగిలిపోయింది" అని వస్తోంటే చూడలేకపోతున్నానని రాసింది. కింద ఇంకో వాక్యం ఉంది. "ఆయన తొమ్మిదో పాఠం దగ్గరే ఉండిపోయారండి."

కూతురు ఖాతా తెరిచి చూసింది. నిజమే. ఎనిమిది పాఠాలు ఒక్కోటీ రెండేసి సార్లు చూశాడు. తొమ్మిదోది నూట పన్నెండు సార్లు. ఆ పాఠం కింద ప్రశ్న రాసే చోట మూడు ప్రశ్నలున్నాయి, నెలకొకటి చొప్పున. మొదటిది, "గాలి తిరిగి రావడం లేదు, ఏం చెయ్యాలి?" రెండోది, "మీరు మింగమన్నారు, మింగుతున్నాను. కడుపు ఉబ్బుతోంది గానీ మాట రావడం లేదు." మూడోదాంట్లో, "అయ్యా, నాది ఎక్కడ తప్పో ఒక్కసారి చూసి చెప్తారా?" అని ఉంది.

అలాంటి చోటు ఒకటి ఉందనే పాటాయనకి తెలియదు. అక్కడికొచ్చే ప్రశ్నలు బావమరిది షాపు పాత మెయిలుకి పోతున్నాయి. దాన్ని తెరిచేవాళ్ళు లేరు. కావాలని చేసింది కాదు. అది తన పని అని ఎవరూ అనుకోలేదు, అంతే.

పాటాయన తొమ్మిదో పాఠం పెట్టమన్నాడు. తెర మీద తానే కూర్చుని, తన గొంతుతోనే చెప్తున్నాడు. "గాలి... మింగండి. వెంటనే... వదలండి." భార్య పక్కన కూర్చుని చూస్తోంది. కూతురు రెండోసారి పెట్టింది. మూడోసారి పెట్టబోతే వద్దని చెయ్యి ఎత్తాడు.

మింగకూడదు. మింగితే గాలి తిన్నగా కడుపులోకి పోతుంది. నాలుకతో నొక్కి గొంతు వెనక్కి తోసి, అది కిందికి జారకముందే తిప్పుకోవాలి. ఆసుపత్రిలో తనతో కూడా టీచరమ్మ మొదట మింగమనే అంది. తర్వాత ఆవిడ చూసి దిద్దింది, దర్జీ గడ్డం వంచాడు. ఆ మూడు వారాల సంగతీ మరిచిపోయి, నోటికొచ్చిన మాటే వీడియోలో అనేశాడు. సైకిల్ మేస్త్రి ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించాడు. ఎదురుగా కూర్చుని ఉంటే ఒక్క నిమిషంలో సరిచేయగలిగిన తప్పు.

ఆ రోజు పాటాయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. తల కొట్టేసినట్టుందని పలక మీద రాశాడు. మాట వచ్చాక పలక ముట్టుకోవడం అదే మొదలు.

సాయంత్రం ఆ ఇంటికి ఫోన్ చేశాడు. కూతురు చేస్తానన్నా ఒప్పుకోలేదు. తానెవరో చెప్పి, తప్పు తనదని, పాఠంలో మాట తప్పు పడిందని, ప్రశ్నలు చూసుకోలేదని, ఆగి ఆగి చెప్పాడు.  

"ఆయనకి మాట వచ్చుంటే ఇలాగే ఉండేదా అండి?" అందావిడ.

"దాదాపు... ఇలాగే."

"గేటు దగ్గర సైకిల్ ఆపి, అక్కడ్నుంచే పిలిచేవారండి నన్ను. వీధంతా వినపడేది. సిగ్గుగా ఉంటుంది, ఊరుకోండి అనేదాన్ని. మీకు ఇబ్బంది లేకపోతే ఇంకొంచెం మాట్లాడండి."

పాటాయనకి ఓదార్పు మాటలు నోటికి రాలేదు. అందుకని ఆ పొద్దున మార్కెట్‌కి ఏమేం వచ్చాయో చెప్పుకుంటూ పోయాడు. బంగాళాదుంపలు ఎన్ని లారీలొచ్చాయో, క్యారెట్లు మట్టి కడగకుండా ఎందుకు తెచ్చారో, నిమ్మకాయల బస్తా పిగిలి ఎలా దొర్లిపోయాయో. ఆవిడ ఊఁ కొడుతూ విన్నది. పది నిమిషాలకి, "ఉంటానండి" అని పెట్టేసింది.

తర్వాతి నాలుగు రోజులూ తండ్రీ కూతుళ్ళు భోజనాల బల్ల దగ్గరే కూర్చున్నారు. పాత మెయిల్లో నూట నలభై ప్రశ్నలున్నాయి. ఒక్కోటీ కూతురు చదివితే ఆయన జవాబు చెప్పాడు, ఆమె రాసి పంపింది. కొందరు వెంటనే బదులిచ్చారు. కొందరు ఎప్పుడో మానేశామన్నారు. కొన్ని చోట్ల నుంచి ఇంకెవరో, ఆయన లేరండీ అని రాశారు. మూడొందల మందిలో ఇరవై నాలుగో పాఠం దాకా వెళ్ళింది పంతొమ్మిది మంది. వాళ్ళలో కూడా ఎందరు మాట్లాడుతున్నారో తెలియదు.

భార్య అన్నీ వింటూ బట్టలు మడతపెడుతోంది. ఆమె పెద్దగా చదువుకున్న మనిషి కాదు, కోర్సు సంగతి ఎప్పుడూ మాట్లాడిందీ లేదు.

"టీచరమ్మ ఎంత చెప్పినా మీకు రాలేదు కదండీ" అంది. "ఆ దర్జీ ఎదురుగా వచ్చి కూర్చున్నాకే వచ్చింది. మరి వీళ్ళ ఎదురుగా ఎవరున్నారు?"

పాటాయన కోర్సు అమ్మడం ఆపేయమన్నాడు. బావమరిది నొచ్చుకున్నాడు. తప్పున్న పాఠం ఒక్కటీ మళ్ళీ తీద్దాం, ప్రశ్నలకి జవాబులిచ్చే మనిషిని పెడదాం, నడుస్తున్న షాపుకి తాళం వేసుకుంటామా అని గంటసేపు నచ్చజెప్పాడు. అందులో అన్యాయమైన మాట ఒక్కటీ లేదు. పాటాయన అంతా విన్నాడు.

"ఆ మాట... మార్చొచ్చురా. ఇంకొకడు... ఇంకో మాట దగ్గర... ఆగిపోతాడు. అప్పుడు... నాకెట్లా తెలుస్తుంది?"

బావమరిది వారం రోజులు మొహం చాటేసి, ఎనిమిదో రోజు తానే వచ్చి, కంప్యూటర్లో అందరూ ఒకేసారి కలుసుకునే ఏర్పాటు చేసిపెట్టాడు. కొన్నవాళ్ళందరికీ కబురు పెట్టారు. తొమ్మిదోదాంట్లో తప్పు దిద్దాం, మిగతా పాఠాలు అలాగే ఉంటాయి, ఎవరికి కావాల్సింది వాళ్ళు చూసుకోవచ్చు. రోజూ నాలుగు గంటలకి మాత్రం అందరూ వచ్చి కూర్చోండి. నడపడానికి అయ్యే ఖర్చు ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వండి, లేనివాళ్ళు ఊరికే రండి. దానికి పేరంటూ పెట్టలేదు. వచ్చేవాళ్ళే నాలుగు గంటల గది అని పిలుచుకున్నారు.

మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. తెర మీద పదకొండు చిన్న చిన్న గళ్ళు, గడికొక మనిషి. మెడలకి చేతిరుమాళ్ళు, స్కార్ఫులు, ఒకాయనకి టై. పాటాయన స్వాగతం చెప్పి, ఒక్కొక్కరూ ఏదో ఒక చప్పుడు చెయ్యండి చాలు అన్నాడు. ఎవరూ నోరు తెరవలేదు. ఆయన "తాత" అని చూపించాడు. ఎవరూ అనలేదు. చప్పుడు ఆపుకోమని ఎవరికీ చెప్పక్కర్లేని సమావేశం అదొక్కటేనేమో. ఇరవై నిమిషాలు గడిచాయి.  నాలుగొందల మంది వ్యాపారుల్ని నోటితో కట్టిపడేసినవాడు, పదకొండు మంది ముందు ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నాడు.

అప్పుడు రిటైరైన బస్సు డ్రైవరొకాయన టీ తాగుతూ, తాను కావాలని కాకుండానే గట్టిగా త్రేన్చాడు. గదంతా మోగింది. ఆయన గ్లాసు అలాగే పట్టుకుని బిక్కమొహం వేశాడు. పాటాయన దాన్ని వదల్లేదు. "అదే... అదే కావాలి... ఇంకోటి" అన్నాడు, బస్తా మీద నిలబడి ధర పెంచమన్నట్టు వేళ్ళు ఎగరేస్తూ. ఒక గడిలో భుజాలు కదిలాయి. పక్క గడిలో ఇంకొకరివి. చప్పుడు లేని నవ్వు ఒక్కో గడిలోకీ పాకింది. పదకొండు మందీ కళ్ళు తుడుచుకుంటూ, పొట్ట పట్టుకుంటూ, నిశ్శబ్దంగా నవ్వారు. ఆపరేషన్ తర్వాత నలుగురి మధ్యా నవ్వడం అదే మొదటిసారని ఆ రోజు చాలామంది రాసి పంపారు.

నెల తిరిగేసరికి ముప్పై మంది అయ్యారు. తప్పులు దిద్దడానికి పాటాయన ఒక్కడి మీదే ఆధారపడక్కర్లేకపోయింది. ఆయనకి కనపడనిది డ్రైవరుకి కనపడేది. మెడ రంధ్రంలోంచి గాలి బుస్సుమంటే మాట మునిగిపోతుందని, ఊపిరి కొంచెం బిగబట్టమని కొత్తవాళ్ళకి చేతి సైగలతో చెప్పేది ఆయనే. ఆసుపత్రి టీచరమ్మ కూడా నెలకోసారి వచ్చి కూర్చునేది. ఎవరికైనా నొప్పి, వాపు ఉందంటే అక్కడే ఆపించి డాక్టరు దగ్గరికి పంపేది.

సైకిల్ మేస్త్రి భార్య నుంచి మళ్ళీ ఒక ఉత్తరం వచ్చింది. తనకి గొంతు బాగానే ఉందని, నేర్చుకోవాల్సిందేమీ లేదని, అయినా వచ్చి కూర్చోవచ్చా అని అడిగింది. కూతురు తండ్రి వంక చూసింది. ఆయన తలూపాడు. మొదటి రోజుల్లో ఆవిడ ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక కొత్తాయన ఎంతకీ మాట రాక లేచిపోబోతుంటే, "వినపడిందండీ, కొంచెం వినపడింది. మళ్ళీ అనండి" అంది. ఆ ఇంట్లో ఆయన మాట వినే ఓపిక ఎవరికీ లేదట. అప్పట్నుంచి ఆవిడ పని అదే అయింది. ఎవరికైనా ఇంట్లో వినేవాళ్ళు లేకపోతే, పొద్దున ఒక అరగంట ఆవిడకి ఫోన్ చేసి మాట్లాడేవారు. అర్థం కాకపోతే అర్థం కాలేదనేది. అర్థమైనట్టు నటించేది కాదు. అందుకే అందరికీ ఆవిడంటే నమ్మకం.

ఆరు వారాలపాటు ఒక గడిలో సీలింగ్ ఫ్యాను మాత్రమే కనపడేది. గడి కింద ఒక ఆడపేరు తప్ప ఎవరో తెలియదు. అందరూ ఆ గడికి ఫ్యానక్క అని పేరు పెట్టారు. ఏడో వారం ఫ్యాను పక్కకి జరిగి ఒక నడివయసు ముఖం వచ్చింది. రైల్వే స్టేషన్లో విచారణ కిటికీ వెనక ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. కాగితం మీద రాసి చూపించింది. "నాకు మాట వస్తోంది. మగవాడి గొంతులా ఉంది. మా అమ్మాయి ఫోన్ పెట్టేసింది, ఎవరో అనుకుని."

పాటాయనకి అబద్ధం చెప్పాలనిపించలేదు. సైకిల్ మేస్త్రి భార్యే మెల్లగా అంది, "పోనీ మాతో అను తల్లీ. మేమెవరమూ పెట్టేయం."

ఫ్యానక్క కాగితం పక్కన పెట్టి, "కిటికీ... తెరవండి" అంది. అది నిజంగా మగగొంతే.  డ్రైవరు చెంచాతో గ్లాసు మీద రెండుసార్లు కొట్టాడు. ఆ గదిలో చప్పట్లంటే అదే. తర్వాత అందరూ గ్లాసులు మోగించారు. రెండు నెలలకి ఆమె గదిలో ఉన్న ఐదుగురు ఆడవాళ్ళతో వేరే పూట పెట్టుకుంది. మాట చివర కాస్త పైకి లాగితే గొంతు మెత్తబడుతుందని కనిపెట్టింది కూడా ఆమే. పాటాయన ఇరవై నాలుగు పాఠాల్లో ఆ సంగతి ఎక్కడా లేదు.

రెండో ఏడు డ్రైవరుకి జబ్బు తిరగబెట్టింది. ఆయన మంచం మీద నుంచే వచ్చేవాడు, మనవరాలు ఫోన్ పట్టుకునేది. మాట ఇంకా సన్నబడింది. మాట్లాడటం మానేసి వినడానికే వచ్చేవాడు. ఒక గురువారం ఆయన గడి రాలేదు. శుక్రవారం మనవరాలు కబురు చెప్పింది. ఆ రోజు పాఠం పెట్టలేదు. ఎవరూ లేచిపోలేదు కూడా. గంటసేపు అలాగే, ఎవరి గడిలో వాళ్ళు కూర్చున్నారు. ఎప్పుడో మధ్యలో ఎవరో గ్లాసు మీద ఒక్కసారి కొట్టారు.

డ్రైవరు పోయాక పాటాయనకి ఒక బెంగ పట్టుకుంది. తనకేమన్నా అయితే ఈ గది ఏమవుతుందని. భార్యతో అంటే, అన్నీ మీ భుజాల మీదే ఉన్నట్టు మాట్లాడతారేంటండీ అని కసిరింది.

ఆ చలికాలం ఆయన భార్యని తోడు తీసుకుని ఆరు నెలల పరీక్షకి ఆసుపత్రికెళ్ళాడు. నాలుగు గంటలలోపు ఇల్లు చేరదామనుకుంటే స్కానింగ్ దగ్గర వరస కదల్లేదు. నాలుగున్నరకి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తాను రాలేకపోతున్నానని చెప్పడానికి ఫోన్లో గది తెరిచాడు. ఎవరూ ఆయన కోసం ఎదురుచూడటం లేదు. నలభై గళ్ళు నిండి ఉన్నాయి. ఫ్యానక్క పాఠం నడుపుతోంది. కొత్తగా చేరిన ఒక లాయరు గాలి మింగేస్తున్నాడు. ఆమె ఆయన్ని ఆపి, గడ్డం దించమని చెప్పి, ఆయన పెదవులే చూస్తూ ఓపిగ్గా కూర్చుంది. "తా" బదులు "కా" తో మొదలుపెట్టిస్తోంది. తానైతే అలా చెయ్యడు. "తా" తోనే మొదలుపెట్టాలని ఆయన పట్టుదల. చెబుదామని మైకు గుర్తు మీద వేలు పెట్టాడు.

లాయరు నోట్లోంచి "కా" అని వచ్చింది. స్పష్టంగా వచ్చింది. గ్లాసులు మోగాయి.

పాటాయన వేలు తీసేశాడు. కాస్త ఉక్రోషం వచ్చింది. తాను లేకపోయినా సరిగ్గా జరిగిపోతోందే అని. బరువు దిగినట్టూ అనిపించింది. ఆ రెంటిలో ఏది ముందు వచ్చిందో కూడా తర్వాత ఆయనకి సరిగ్గా గుర్తులేదు. ఎవరికీ కనపడకుండా, చివరిదాకా విన్నాడు. అందరూ చేతులూపి వెళ్ళిపోయాక ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఏం చెప్పారు ఇవాళ?" అంది పక్కన కూర్చున్న భార్య.

"నేనేం... చెప్పలేదు. విన్నాను."

లోపల్నుంచి నర్సు వాళ్ళ వరస నంబరు పిలిచింది. భార్య రిపోర్టుల కవరు సర్దుకుంది. ఇద్దరూ లేచి లోపలికెళ్ళారు.